పర్మిట్ మీద ఆడి గెలిచినవాడు

*తలకిందుల పట్టుతో గోల్ఫ్ ఆడిన క్యాడీ పాప్వా. యూరప్‌లో మూడుసార్లు, సొంత ఊళ్లో రెండుసార్లు ఛాంపియన్ అయ్యాడు. అతన్ని ఆపడం సాటి ఆటగాళ్ల వల్ల కాలేదు, ప్రభుత్వం ఆపింది.*

ఒక క్రికెట్ బ్యాట్ చేతిలోకి తీసుకోండి. లేదంటే చేతికర్రయినా పర్వాలేదు. కుడిచేతి వాటం వాళ్లకి ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద పడుతుంది. ఎవరూ నేర్పక్కర్లేదు, చేతులే అలా కుదురుకుంటాయి. ఇప్పుడు వాటిని తారుమారు చేయండి. కుడి చెయ్యి పైకి, ఎడమ చెయ్యి కిందికి. అలాగే పట్టుకుని, కాళ్లు కదపకుండా, నేలమీద ఉన్న చిన్న బంతిని బలంగా కొట్టబోయి చూడండి. మణికట్లు ఒకదానికొకటి అడ్డం వస్తాయి. మోచేతులు ఎటు పోవాలో తెలియక మెలికపడతాయి. దెబ్బలో ఊపు సగం కూడా ఉండదు.

గోల్ఫ్ నేర్పే ఏ కోచ్ అయినా మొదటిరోజే ఈ పట్టు మాన్పిస్తాడు. పాప్వా సీవ్‌గోలమ్‌కి కోచ్ లేడు కనక మాన్పించేవాడూ లేకపోయాడు. దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరంలో, తెల్లవాళ్ల సంచులు మోస్తూ ఆట చూసి నేర్చుకున్నవాడు. ఆ తలకిందుల పట్టుతోనే జీవితమంతా ఆడాడు. 1959, 1960, 1964లలో డచ్ ఓపెన్ గెలిచాడు. 1963, 1965లలో సొంత రాష్ట్రపు నాటల్ ఓపెన్ గెలిచాడు. ఆ రెండోసారి అతని వెనక మిగిలినవాళ్లలో గ్యారీ ప్లేయర్ ఒకడు. గోల్ఫ్ చూడనివాళ్లకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ప్రపంచ గోల్ఫ్‌ను ఏలిన ముగ్గురిలో ప్లేయర్ ఒకడు. మిగతా ఇద్దరు ఆర్నాల్డ్ పామర్, జాక్ నిక్లాస్.

పాప్వా గురించి ఎవరు రాసినా ఒక ఫొటోతో మొదలెడతారు. నాటల్ ఓపెన్ గెలిచినరోజు, తెల్లవాళ్ల క్లబ్బులోకి రానివ్వకపోతే, బయట వానలో నిలబడి కప్పు అందుకున్న ఫొటో అది. మనమూ ఆ ఫొటో దగ్గరికి వస్తాం. కానీ అతని కథంతా ఆ వానలోనే ముగించేయడం నాకు నచ్చదు. వానలో తడిసిన మనిషి సాయంత్రానికి ఆరిపోతాడు. పాప్వాను ముంచింది కాగితం. పర్మిట్ అనే కాగితం, పాస్‌పోర్ట్ అనే కాగితం.

చెరకు తోటల నుంచి గోల్ఫ్ తోటకి

మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న 342 మందితో డర్బన్ రేవు చేరింది. అందులో ఉన్నవాళ్లు చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద వేలిముద్ర వేసిన కూలీలు. 1911లో ఆ పద్ధతి ఆగేదాకా అలా నాటల్‌కు చేరినవాళ్లు లక్షా యాభై వేల పైచిలుకు. మద్రాసులో ఓడ ఎక్కినవాళ్లలో తమిళులతో పాటు గంజాం, విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లున్నారు. కలకత్తాలో ఎక్కినవాళ్లు ఎక్కువగా బిహార్, తూర్పు ఉత్తరప్రదేశ్ వైపు వాళ్లు. డర్బన్ తెలుగువాళ్లు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. మునిసిపాలిటీ పనివాళ్లు కాపురముండే మ్యాగజీన్ బ్యారక్స్‌లో ఒక ఇంట తమిళం, పక్కింట తెలుగు వినిపించేవి. పాప్వా అసలు పేరు సీవ్‌శంకర్. ఉత్తరాది పేరు. ఏ ఓడలో వచ్చినా, తెల్లదొరల లెక్కలో అందరూ కూలీలే.

పాప్వా పుట్టింది 1930కి అటూ ఇటూగా, ఉమ్‌గేని నది ఉత్తరపు ఒడ్డున ఉన్న రివర్‌సైడ్ పేటలో. బీదకుటుంబం. బడి చదువు అబ్బలేదు. దగ్గర్లో బీచ్‌వుడ్ అనే తెల్లవాళ్ల గోల్ఫ్ క్లబ్బు ఉంది. ఆ చుట్టుపక్కల భారతీయుల పిల్లలకి అక్కడ దొరికే పని ఒకటే, క్యాడీ పని.

క్యాడీ అంటే సంచి మోసేవాడని మనవాళ్ల అభిప్రాయం. మోత అందులో చిన్న భాగం. నూట యాభై గజాల అవతల పొదల్లో పడ్డ బంతి ఎక్కడుందో కనిపెట్టాలి. గాలి ఎటు వీస్తోందో, పచ్చిక ఎటు వాలిందో, ఈ దూరానికి ఏ కర్ర, అంటే ఏ క్లబ్, తీయాలో ఆటగాడికన్నా ముందే క్యాడీకి తెలియాలి. చెప్పాల్సినప్పుడు చెప్పాలి, చెప్పకూడనప్పుడు నోరు మూసుకోవాలి. రోజూ రెండు రౌండ్లు తిరిగే క్యాడీ ఏడాదిలో చూసినంత గోల్ఫ్, ఆ క్లబ్బులో డబ్బు కట్టిన సభ్యుడు పదేళ్లకి కూడా చూడడు. ఆడే హక్కు మాత్రం సభ్యుడిదే. క్యాడీ కుర్రాడు ఏ చెట్టు కొమ్మో విరిచి క్లబ్‌లా చెక్కుకుని, పొదల్లో దొరికిన బంతితో చాటుమాటుగా కొట్టుకోవాల్సిందే. పాప్వా అలా నేర్చుకున్నవాడే. చేతులు తారుమారుగా పడ్డాయని చెప్పేవాళ్లు లేని చోట, ఆ తారుమారే అతనికి సరైన పట్టు అయింది.

ఆ పట్టును వింతగా చూసినవాళ్లంతా ఒక సంగతి మర్చిపోయారు. గోల్ఫ్‌లో కొట్టే విధానానికి మార్కులుండవు. ఎన్ని దెబ్బల్లో బంతి గుంటలో పడిందన్నదే లెక్క. నాలుగు రోజులు, రోజుకి 18 గుంటలు, మొత్తం 72. అన్నీ అయ్యాక తక్కువ దెబ్బలు ఎవరివైతే వాళ్లు గెలిచినట్టు. అందం చూసేవాళ్లకి, అంకె ఆడేవాడికి. తర్వాత అమెరికాలో చార్లీ ఓవెన్స్ అనే నల్లజాతి ఆటగాడు ఇదే పట్టుతో ఆడి సీనియర్ల టూర్‌లో గెలిచాడు. ఇవాళ బంతిని గుంటలోకి నెట్టే చివరి దెబ్బకి, అంటే పటింగ్‌కి, జోర్డాన్ స్పీత్ లాంటి పెద్ద పెద్దవాళ్లు ఎడమ చెయ్యి కిందికి దించే ఆడుతున్నారు. ఆట మొత్తం అలా ఆడి జాతీయ ఛాంపియన్‌షిప్‌లు గెలిచినవాళ్లు మాత్రం దాదాపు లేరు.

ముఖానికి రాసుకునే క్రీమూ, ఒక చిన్న విమానమూ

మన మందుల షాపుల్లో ‘ఓలే’ క్రీములు కనిపిస్తాయి కదా. అవి పుట్టింది డర్బన్‌లోనే. గ్రాహం వల్ఫ్ అనే రసాయన శాస్త్రవేత్త, చిక్కగా జిడ్డుగా ఉండే క్రీములు నచ్చని తన భార్య డైనా కోసం 1950ల మొదట్లో గులాబీరంగు లోషన్ ఒకటి తయారుచేశాడు. ఆయిల్ ఆఫ్ ఓలే పేరుతో అది ప్రపంచమంతా పాకింది. ఆ వల్ఫ్‌కి గోల్ఫ్ పిచ్చి. తన సంచి మోసే కుర్రాడు తనకన్నా, తన క్లబ్బులో అందరికన్నా బాగా ఆడతాడని ఆయన గమనించాడు. గమనించినవాళ్లు ఇంకా ఉండే ఉంటారు. ఏదో ఒకటి చేసినవాడు వల్ఫ్. పాప్వాకి తన ఫ్యాక్టరీలో పనిచ్చాడు. 1959లో తన సొంత చిన్న విమానంలో ఎక్కించుకుని యూరప్ తీసుకెళ్లాడు.

అప్పటికి పాప్వా స్వదేశంలో ఏ హోదాలో ఉన్నాడో తెలిస్తే ఆ ప్రయాణం విలువ అర్థమవుతుంది. భారతీయులు తమ దేశపు శాశ్వత జనాభాలో భాగమని దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఒప్పుకున్నది 1961లో. అప్పటిదాకా అధికారిక విధానం ఏమిటంటే, వీళ్లని ఎలాగోలా ఓడెక్కించి ఇండియా పంపించేయడం. అంటే తన దేశం తనది కాదనే కాగితాల మధ్య నుంచి లేచి పాప్వా యూరప్ వెళ్లాడు. నల్లజాతి వాళ్లకీ భారతీయులకీ వేరుగా జరిపే పోటీల్లో అప్పటికే అతనికి ఎదురులేదు. కానీ తెల్లవాళ్లతో ఒకే మైదానంలో పోటీపడటానికి సముద్రాలు దాటాల్సి వచ్చింది.

ఆ వేసవిలో పాప్వా బ్రిటిష్ ఓపెన్‌లో దిగాడు. అదే ఏడాది స్కాట్లండ్‌లోని ముయిర్‌ఫీల్డ్‌లో ఆ టైటిల్ గెలిచింది మరో దక్షిణాఫ్రికా కుర్రాడు, 23 ఏళ్ల గ్యారీ ప్లేయర్. అతనికది మొదటి మేజర్, అంటే గోల్ఫ్‌లోని నాలుగు అతిపెద్ద పోటీల్లో మొదటి గెలుపు. పాప్వా అక్కణ్నుంచి హాలండ్ వెళ్లి డచ్ ఓపెన్ గెలిచాడు. 1912లో మొదలైన పోటీ అది, యూరప్‌లోని పాత జాతీయ ఛాంపియన్‌షిప్‌లలో ఒకటి. మర్నాడు అక్కడి పేపర్లవాళ్లు ఈ పేరు ఎలా అచ్చేయాలో తెలియక తికమకపడి ఉంటారనుకుంటే నాకు నవ్వొస్తుంది.

ఒక్కసారి అట్లాంటిక్ అవతలికి చూడండి. అమెరికాలో ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘమైన పీజీఏ నిబంధనల్లో సభ్యులు తెల్లజాతి వాళ్లే అయి ఉండాలన్న షరతు అప్పటికీ ఉంది. అది తీసేసింది 1961 నవంబరులో. అక్కడి మేజర్లలో ఒకటైన మాస్టర్స్‌లో మొదటి నల్లజాతి ఆటగాడు లీ ఎల్డర్ అడుగుపెట్టింది 1975లో. అలాంటి కాలంలో, చదువు రాని ఒక క్యాడీ, బిగినర్‌ని చూసి నవ్వే పట్టుతో, యూరప్‌లో ఒక దేశపు ఛాంపియన్ అయ్యాడు. మరుసటి ఏడాది, అంటే 1960లో, మళ్లీ వెళ్లి మళ్లీ గెలిచాడు. గాలివాటం గెలుపు అనడానికి ఇక వీల్లేదు.

లేని చట్టం, ఉన్న అడ్డంకి

తెల్లవాళ్లూ ఇతరులూ కలిసి ఆడకూడదని దక్షిణాఫ్రికాలో ఒక ప్రత్యేక చట్టం ఉండేదని చాలామంది అనుకుంటారు. లేదు. 1956లో ఆంతరంగిక వ్యవహారాల మంత్రి డాంగెస్ ఒక ప్రకటన చేశాడు, ఎవరి జాతివాళ్లు వాళ్లలో వాళ్లే ఆడుకోవాలని. అది విధానం. అమలు చేయడానికి వేరే చట్టాలు చేతిలో ఉన్నాయి. వాటిలో అసలైనది 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం. ఏ జాగా ఏ జాతిదో ప్రభుత్వం గీత గీస్తుంది. గీత అవతలివాడు ఇవతల ఉండాలంటే పర్మిట్ తెచ్చుకోవాలి.

మిగతా ఆటల సంగతి ఎలా ఉన్నా, గోల్ఫ్‌కి ఈ చట్టం ఉరితాడే. ఫుట్‌బాల్‌కి ఖాళీ స్థలం చాలు. గోల్ఫ్‌కి నూటపాతిక ఎకరాలు కావాలి, దానికి నీళ్లు కావాలి, మనుషులు కావాలి. గోల్కొండ కోట గోడల పక్కనున్న కోర్సు చూసినవాళ్లకి ఆ విస్తీర్ణం తెలిసే ఉంటుంది. అంత భూమి ఎవరి చేతిలో ఉంటే ఆట వాళ్లది. ఆ భూమికి ఒక క్లబ్ హౌస్ ఉంటుంది. బట్టలు మార్చుకునేది అక్కడ, భోంచేసేది అక్కడ, స్కోరుబోర్డు చూసుకుంటూ కూర్చునేది అక్కడ. పాప్వాకి పర్మిట్ దొరికినప్పుడు పచ్చిక మీదకి అనుమతి వచ్చింది. క్లబ్ హౌస్‌లోకి రాలేదు. పోటీలో ఉన్న మిగతావాళ్లు లోపల బల్లల దగ్గర తింటుంటే, అతను బయటే ఎక్కడో కూర్చుని తినాలి, బయటే బట్టలు మార్చుకోవాలి. మళ్లీ వాళ్లతోనే వెళ్లి ఆడాలి. గోల్ఫ్‌లో చెయ్యి ఒక్క మిల్లీమీటరు వణికినా బంతి పది గజాలు పక్కకి పోతుంది. ఈ పరిస్థితిలో చెయ్యి వణకలేదంటే ఆ మనిషి గుండె ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

1963 నాటల్ ఓపెన్ జరిగింది డర్బన్ కంట్రీ క్లబ్‌లో. హిందూ మహాసముద్రపు ఇసుకదిబ్బల మీద 1922లో వేసిన కోర్సు, ఇప్పటికీ ఆఫ్రికాలో పేరుమోసిన వాటిలో ఒకటి. పర్మిట్ మీద పోటీకి వచ్చిన పాప్వా మిగతా అందర్నీ దాటి గెలిచాడు. బహుమతి ఇచ్చే వేళకి వాన పట్టుకుంది. ఏ పోటీలోనైనా అలాంటప్పుడు లోపలికి వెళ్లి, ఛాంపియన్ భుజం తట్టి, కప్పు చేతికిస్తారు. ఇక్కడ ఛాంపియన్ లోపలికి రావడానికి లేదు. తెల్ల ఆటగాళ్లు లోపలే ఉన్నారు. పాప్వా బయట వానలో నిలబడి కప్పు అందుకున్నాడు.

దక్షిణాఫ్రికాకి టీవీ వచ్చింది 1976లో. టీవీని జనం చెడిపోతారని అంతకాలం రానివ్వని ప్రభుత్వం, ఒక పత్రికా ఫొటోను ఆపలేకపోయింది. ఆ చిత్రం ప్రపంచమంతా తిరిగింది. జాతుల్ని విడదీసే ఆ పాలన, అపార్థీడ్, అంటే ఏమిటో పేజీలకొద్దీ రాసినా అర్థంకాని వాళ్లకి, గెలిచినవాడు వానలోనూ ఓడినవాళ్లు చూరు కిందా ఉన్న ఆ దృశ్యం అర్థమైంది.

అదే ఏడాది పాప్వా దక్షిణాఫ్రికా ఓపెన్‌లో రెండో స్థానంలో నిలిచాడు. గెలిచింది రెటీఫ్ వాల్ట్‌మన్ అనే తెల్ల కుర్రాడు. ఇతనిదో విచిత్రమైన కథ. పట్టుమని పాతికేళ్లకే గోల్ఫ్‌కి దండం పెట్టి మతబోధకుడిగా వెళ్లిపోయాడు. వానలో తడిసిన రోజు గురించి రాసేవాళ్లు ఈ రెండో స్థానం గురించి రాయరు. నా లెక్కలో ఇదే పెద్దది. రాష్ట్రస్థాయి పోటీ గెలవడం వేరు, దేశంలోని మొత్తం తెల్ల ప్రొఫెషనల్స్‌లో ఒక్కణ్ని తప్ప అందర్నీ వెనక్కి నెట్టడం వేరు. అది కూడా బ్రిటిష్ ఓపెన్‌ను నాలుగుసార్లు గెలిచిన బాబీ లాక్‌ను, గ్యారీ ప్లేయర్‌ను ఇచ్చిన దేశంలో.

ప్లేయర్‌ని ఓడించిన ఏడాది

1964లో పాప్వా మూడోసారి డచ్ ఓపెన్ గెలిచాడు. 1965లో నాటల్ ఓపెన్‌లో గ్యారీ ప్లేయర్‌ని దాటి టైటిల్ ఎత్తుకెళ్లాడు. ఆ ఏడాదే ప్లేయర్ అమెరికాలో యూఎస్ ఓపెన్ గెలిచి, నాలుగు మేజర్లూ గెలిచిన మూడో మనిషిగా చరిత్రకెక్కాడు. అప్పుడతనికి 29 ఏళ్లు. అంటే పాప్వా గెలిచింది వాడిపోయిన పాత పేరు మీద కాదు, ఆటలో శిఖరాన ఉన్నవాడి మీద.

మనవాళ్లకి చెప్పుకోదగ్గ ముచ్చట ఇంకొకటి. అదే 1965లో ఇక్కడ ఇండియన్ ఓపెన్‌ను పి.జి. సేఠీ గెలిచాడు. అందరూ బిల్లూ అని పిలిచేవారు. ఆయన ప్రొఫెషనల్ కూడా కాదు, అమెచ్యూర్. ఆ గెలుపు ఇండియన్ గోల్ఫ్ పుస్తకాలన్నింట్లో ఉంటుంది. డర్బన్ గెలుపు ఒక పుటలో కూడా కనబడదు.

గ్యారీ ప్లేయర్ సంగతి చెప్పకుండా దాటేస్తే పాక్షికమవుతుంది. 1966లో అచ్చయిన తన పుస్తకంలో అతను అపార్థీడ్‌ను బాహాటంగా వెనకేసుకొచ్చాడు. ఆ మాటల ఫలితం 1969లో అమెరికాలో అనుభవించాడు. డేటన్‌లో పీజీఏ ఛాంపియన్‌షిప్ ఆడుతుంటే నిరసనకారులు మీద మంచుముక్కలు విసిరారు. తర్వాత అభిప్రాయం మార్చుకున్నాడు, అప్పటి మాటలు తప్పని ఒప్పుకున్నాడు. 1971లో లీ ఎల్డర్‌ను దక్షిణాఫ్రికాకి పిలిపించి ఆడించాడు. మారినందుకు మెచ్చుకోవాల్సిందే. కానీ పాప్వాకి మాట సాయం కావాల్సింది 1966లో. అప్పుడు దేశంలో ప్రభుత్వం వినే క్రీడాకారుడి గొంతు ఒకటుంటే అది ప్లేయర్‌దే.

కాగితం తిరగబడింది

1965 ఫిబ్రవరిలో గ్రూప్ ఏరియాస్ చట్టం కింద ఒక కొత్త ఉత్తర్వు వచ్చింది. ప్రజలు గుమిగూడే వినోద స్థలాల్లో, వేరే జాతివాళ్లు ప్రేక్షకులుగా ఉండాలన్నా పర్మిట్ కావాలి. అంటే ఇకమీదట పర్మిట్ లేకుండా ఆడటమే కాదు, చూడటం కూడా నేరమే. పాప్వా ఆట చూడటానికి తరలివచ్చే భారతీయుల గుంపులకి ఇది నేరుగా తగిలే దెబ్బ. మరుసటి ఏడాది అసలు పాప్వాకే తలుపు మూశారు. స్థానిక పోటీల్లో ఆడటానికి ఇక అనుమతి లేదన్నారు. విదేశాల్లో ఆడుకుందామంటే పాస్‌పోర్ట్ తీసేసుకున్నారు. రెండు కాగితాలతో ఒక ఆటగాడి బతుకు ముగిసింది. దెబ్బ తగలలేదు, జైల్లో పెట్టలేదు, కాబట్టి అందులో వార్త కూడా లేదు. వానలో తడిసిన ఫొటో పేపర్లకెక్కింది కానీ, పర్మిట్ నిరాకరించిన ఉత్తరానికి ఫొటో ఎవరు తీస్తారు?

అప్పుడు పాప్వా వయసు నలభైకి లోపు. మిగతా ఆటల్లో ఆ వయసుకి రిటైరయ్యే సమయం అయిపోతుంది. గోల్ఫ్‌లో కాదు. జూలియస్ బోరోస్ 48 ఏళ్లకి మేజర్ గెలిచాడు, నిక్లాస్ 46 ఏళ్లకి మాస్టర్స్ గెలిచాడు. గ్యారీ ప్లేయర్ తన తొమ్మిదో మేజర్‌ను 42 ఏళ్లకి గెలిచాడు, 1978 మాస్టర్స్‌లో. ఆ ఏడాదే పాప్వా డర్బన్‌లో గుండెపోటుతో చనిపోయాడు. యాభై నిండలేదు. ఇద్దరూ 1959లో ఒకే వేసవిలో యూరప్‌లో మొదటి పెద్ద టైటిల్ గెలిచినవాళ్లు. ఒకరికి అక్కణ్నుంచి పందొమ్మిదేళ్ల పాటు మేజర్లు గెలిచే ఆట దొరికింది, ఇంకొకరికి మొత్తం ఏడేళ్లే. ఆ ఏడేళ్లూ కూడా ప్రతిసారీ దరఖాస్తు పెట్టుకుని ఆడినవే.

రివర్‌సైడ్ పేట కూడా మిగల్లేదు. గ్రూప్ ఏరియాస్ గీతల్లో ఆ ప్రాంతం తెల్లవాళ్లకి పడింది, భారతీయ కుటుంబాలు ఖాళీ చేశాయి. మ్యాగజీన్ బ్యారక్స్‌లోని తెలుగు, తమిళ కార్మిక కుటుంబాలను చాట్స్‌వర్త్‌కు తరలించారు. ఇప్పటికీ డర్బన్‌లో తెలుగింటి పేర్లు ఎక్కువగా వినబడే చోటు అదే.

ప్రపంచం ఏం చేసింది

ఆ ఫొటో ఊరికే పోలేదు. జాతివివక్ష ఉన్నంతకాలం దక్షిణాఫ్రికాతో ఆడేది లేదన్న ఉద్యమానికి అది పనికొచ్చింది. ఆ ఉద్యమాన్ని నడిపిన కవి డెన్నిస్ బ్రూటస్‌ని 1963లో పోలీసులు కాల్చారు, తర్వాత రాబెన్ ద్వీపం జైలుకి పంపారు. 1964 టోక్యో ఒలింపిక్స్‌కి దక్షిణాఫ్రికాను రానివ్వలేదు. 1970లో ఒలింపిక్ సంఘం పూర్తిగా బహిష్కరించింది. క్రికెట్‌లో 1968 నాటి బేసిల్ డొలివెయిరా గొడవ తెలిసిందే. కేప్‌టౌన్‌లో పుట్టి, రంగు అడ్డమై ఇంగ్లండ్ వెళ్లిపోయిన ఆటగాడు ఇంగ్లండ్ జట్టులో ఉన్నాడని దక్షిణాఫ్రికా ఆ జట్టు పర్యటననే వద్దంది.

మన దేశం చేసినదీ చెప్పుకోవాలి. జాతివివక్ష మీద దక్షిణాఫ్రికాతో వ్యాపారం మానేసిన మొదటి దేశం ఇండియా, 1946లోనే. 1974లో టెన్నిస్ డేవిస్ కప్ ఫైనల్‌కి చేరిన మన జట్టు, ఎదుట దక్షిణాఫ్రికా ఉందని ఆడనే లేదు. విజయ్ అమృత్‌రాజ్, ఆనంద్ అమృత్‌రాజ్‌లు ఉన్న జట్టు అది. కప్పు గెలిచే అవకాశం చేతిలో పెట్టుకుని వదిలేశారు. ఆ బహిష్కరణ ముగిసి దక్షిణాఫ్రికా క్రికెట్ జట్టు తొలిసారి విదేశంలో దిగింది మళ్లీ మన దగ్గరే, 1991 నవంబరులో, ఈడెన్ గార్డెన్స్‌లో.

గోల్ఫ్ మాత్రం ఈ బహిష్కరణల్లో వెనకే ఉంది. జట్టు ఆట కాదు కనక, ఒక్కో ఆటగాడు తన సంచి తను పట్టుకుని ప్రపంచం తిరిగేశాడు. తెల్ల ఆటగాళ్ల టూర్లు ఆగలేదు. 1976లో విన్సెంట్ షబలాలా అనే నల్లజాతి దక్షిణాఫ్రికన్ ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాడు. పాప్వా తెరిచిన దారిలో నడిచినవాడని అనొచ్చు. అప్పటికి ఆ దారి తెరిచినవాడికే దారి లేదు.

మన క్యాడీలు

ఇదంతా పరాయి దేశపు పాపం అని మనం చేతులు దులుపుకోకూడదు. బ్రిటిష్ దీవుల బయట పుట్టిన మొదటి గోల్ఫ్ క్లబ్బు 1829 నాటి రాయల్ కలకత్తా. అందులో స్వాతంత్ర్యానికి ముందు చాలాకాలం భారతీయులకి సభ్యత్వమే లేదు. తర్వాత రంగు గీత పోయి డబ్బు గీత మిగిలింది. ఆ గీతను దాటినవాళ్లలో మొదటి పెద్ద పేరు అలీ షేర్. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో క్యాడీగా మొదలై, 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆ పోటీ గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ అతనే. 1993లో మళ్లీ గెలిచాడు. ఆ తర్వాత ఎస్.ఎస్.పి. చౌరాసియా. తండ్రి రాయల్ కలకత్తాలో పచ్చిక చూసుకునే ఉద్యోగి. కొడుకు అదే పచ్చిక మీద ఆడి నేర్చుకున్నాడు. 2008లో ఢిల్లీలో జరిగిన ఇండియన్ మాస్టర్స్‌తో యూరోపియన్ టూర్ విజేతయ్యాడు, 2016, 2017లలో వరుసగా ఇండియన్ ఓపెన్ గెలిచాడు.

పొడుగ్గా కొట్టడంలో చౌరాసియా ఎప్పుడూ వెనకే. గుంట దగ్గరి చిన్న దెబ్బల్లో, పటింగ్‌లో దిట్ట. క్యాడీల నుంచి వచ్చినవాళ్లలో ఇది తరచూ కనబడే గుణం. కోర్సు మూసేసిన వేళల్లో, ఒకే ఒక్క క్లబ్‌తో, గుంట చుట్టూ ఆడుకుని పెరిగినవాళ్లు కదా. పాప్వా పేరు నిలబడింది కూడా ఆ చిన్న దెబ్బల మీదే.

ఒక తేడా ఉంది. అలీ షేర్ గెలిచినప్పుడు కప్పు ఎవరి ఎదుట, ఎక్కడ ఇవ్వాలన్న ప్రశ్న రాలేదు. అతను మర్నాడు ఆడటానికి ఏ ఆఫీసరు సంతకమూ అక్కర్లేకపోయింది.

ఆలస్యంగా వచ్చిన మర్యాద

అపార్థీడ్ పోయాక, థాబో ఎంబెకీ అధ్యక్షుడిగా ఉన్న కాలంలో, పాప్వాకి మరణానంతరం ఇఖమంగా పురస్కారం ఇచ్చారు. కళల్లో, క్రీడల్లో దేశానికి పేరు తెచ్చినవాళ్లకి ఇచ్చే గౌరవం అది. అతని జీవితం మీద పుస్తకాలొచ్చాయి. డర్బన్‌లో ఒక మునిసిపల్ గోల్ఫ్ కోర్సుకి పాప్వా పేరు పెట్టారు. అతను పుట్టి పెరిగిన ఆ ఉమ్‌గేని నది పక్కనే ఉందది.

ఇవన్నీ బాగున్నాయి. కానీ పురస్కారాల వెనక పాప్వా ఆట కనుమరుగైపోవడం బాగాలేదు. ఇవాళ అతన్ని తలుచుకునేవాళ్లు ఎక్కువగా అవమానం పడ్డ మనిషిగా తలుచుకుంటున్నారు. డచ్ ఓపెన్ విజేతల జాబితా తీసి చూస్తే 1959, 1960, 1964 ఏళ్ల పక్కన అతని పేరుంటుంది. వాటి పక్కన వానా లేదు, రంగూ లేదు. ఒక ప్రొఫెషనల్ తనని తలుచుకోమని కోరుకునే చోటు అదే అని నా నమ్మకం.

డర్బన్ వెళ్లే తెలుగువాళ్లు ఏటా పెరుగుతున్నారు. ఉద్యోగాలకని, క్రికెట్‌కని, అక్కడి తెలుగు సంఘాల పండగలకని వెళుతున్నారు. గాంధీని రైల్లోంచి దింపేసిన పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్, ఫీనిక్స్ ఆశ్రమం చూసి, బీచ్‌లో ఫొటోలు దిగి వచ్చేస్తున్నారు. ఈసారి వెళితే ఒక పూట ఉమ్‌గేని ఒడ్డుకి కూడా కేటాయించండి. పాప్వా పేరున్న కోర్సు ఎక్కడని అడగండి. పిల్లల్ని వెంట తీసుకెళితే, ఒక కర్ర చేతికిచ్చి, కుడి చెయ్యి పైన పెట్టి పట్టుకోమనండి. ఆ పట్టుతో ఆడి ఎన్ని టైటిళ్లు గెలిచాడో చెప్పండి. వాన సంగతి ఆ తర్వాత చెప్పొచ్చు.